జనానికి పనికొచ్చే పీహెచ్‌డీ ఎక్కడ చేయాలి: సెంట్రల్ వర్సిటీయా, ఐఐటీయా, ల్యాబా, వ్యవసాయ వర్సిటీయా?

పీజీ అయిపోయింది, నెట్ (జాతీయ అర్హత పరీక్ష) స్కోరు చేతిలో ఉంది, రెండు మూడు చోట్ల నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. తాగునీరో, పత్తి రైతు అప్పులో, ఊళ్లో పేరుకుపోయే చెత్తో, తెలుగు అర్థం చేసుకునే కంప్యూటరో, ఏదో ఒక అసలైన సమస్య మీద పనిచేయాలన్న కోరిక గట్టిగానే ఉంది. ఎక్కడ చేరాలన్నదే తేలడం లేదు. ఇంట్లో అడిగితే ఐఐటీ అంటారు, చుట్టాలకు తెలిసిన పేరు అదే కాబట్టి. కాలేజీలో సార్‌ని అడిగితే ఆయన చదివిన వర్సిటీ పేరు చెబుతారు. సీనియర్లు మాత్రం ఫెలోషిప్ టైముకి పడే చోటు చూసుకోమంటారు. మూడింట్లోనూ కొంత నిజం ఉంది.

నా లెక్క కాస్త వేరు. ర్యాంకింగులు కాసేపు పక్కన పెట్టండి. మీ థీసిస్ పూర్తయిన రోజున అందులో తేలిన విషయాన్ని ఎవరు అందుకుంటారో ముందు చూడండి. వాళ్లకు దగ్గరగా మసలే సంస్థలో చేరండి. ఈ పోలిక అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కల నుంచే తీసుకున్నాను. ఇన్ని రకాల పరిశోధన సంస్థలు ఒకే ఊళ్లో ఉన్న చోట్లు దేశంలో తక్కువ, అందుకని పోల్చడం తేలిక.

## ముందు ఏమేం చూసుకోవాలి

### ఫలితం ఎవరి చేతికి వెళ్తుంది?

నల్గొండ ఫ్లోరైడ్ సంగతే తీసుకోండి. నాగ్‌పూర్‌లోని పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ ‘నీరి’ 1970లలో ఒక పద్ధతి తయారుచేసింది. ప్రపంచమంతా దాన్ని నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపి బాగా తిప్పాలి. మడ్డి అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లు తాగడానికి వాడుకోవాలి. ల్యాబ్‌లో అది గట్టి పనే. ఇంట్లో రోజూ చేసేది ఎవరన్నదే చిక్కు. ఏ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో తెలియాలి, దానికి తగ్గ మోతాదు పటిక వేయాలి, ఆ మడ్డిని రోజూ ఎక్కడో పారబోయాలి. పొద్దున్నే కూలికి వెళ్లే ఇంట్లో ఎన్నాళ్లు సాగుతుంది? చివరికి ఆ ఊళ్లకు పెద్ద ఊరట వచ్చింది కృష్ణా నీళ్లు పైపుల్లో రావడం మొదలయ్యాకే.

అదే ఫ్లోరైడ్ ఒకరికి కెమిస్ట్రీ, ఒకరికి పైపులైన్ల ఇంజినీరింగ్, ఒకరికి వైద్యం, ఇంకొకరికి ప్రభుత్వం డబ్బు దేనికి ముందు ఖర్చు పెడుతుందన్న రాజకీయ అర్థశాస్త్రం. కాబట్టి "ఫ్లోరైడ్ మీద చేస్తాను సార్" అని ఇంటర్వ్యూలో చెబితే బోర్డులో ఎవరికీ ఏమీ అర్థం కాదు. అందులో మీ ముక్క ఏది? ఆ ముక్క తేలితే అడిగి తీసుకెళ్లేది ఎవరు? విత్తనమైతే రైతు తీసుకుంటాడు, మధ్యలో విత్తన సంస్థ ఉంటుంది. యంత్రమైతే దాన్ని తయారుచేసే కంపెనీ, పెట్టించుకునే మున్సిపాలిటీ. సాఫ్ట్‌వేర్ అయితే దాన్ని నడిపే సంస్థ. ఒక లెక్కో వాదనో అయితే సచివాలయంలో నోట్ ఫైల్ రాసే అధికారి, పత్రికలు, ప్రజా సంఘాలు, ఒక్కోసారి కోర్టు.

### గైడ్

గైడే ముఖ్యమని అందరూ అంటారు, ఎలా కనుక్కోవాలో మాత్రం చెప్పరు. శోధ్‌గంగ అని థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. అందులో గైడ్ పేరు కొట్టండి. ఎన్ని థీసిస్‌లు పూర్తయ్యాయో చూడండి. ఏ ఏడాది రిజిస్టర్ అయ్యారు, ఏ ఏడాది ఇచ్చారు అన్నది చాలా థీసిస్‌ల మొదటి పేజీల్లోనే దొరుకుతుంది. నాలుగు థీసిస్‌ల పేర్లు పక్కపక్కన పెట్టి చదవండి. జిల్లా పేరు మార్చి అదే పని మళ్లీ మళ్లీ చేయించినట్టు ఉంటే అక్కడ మీకు కొత్తగా నేర్పేది పెద్దగా ఉండదు. కృతజ్ఞతల పేజీ కూడా చదవండి. గైడ్ గురించి రాసిన వాక్యం మొక్కుబడిగా ఉందో మనసులోంచి వచ్చిందో మనవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

ఇంకో రెండు విషయాలు. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 గురికి మించి గైడ్‌గా ఉండకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్ల లోపు సర్వీసు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. పెద్ద పేరున్న సార్ దగ్గర చేరాలని ఉంటే, ఆయనకు ఇంకా ఎన్నేళ్ల సర్వీసు ఉందో మొహమాటపడకుండా ఆఫీసులో అడగండి.

### డబ్బు

నెట్‌లో పైస్థాయిలో నిలిచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత సీనియర్ ఫెలో (ఎస్‌ఆర్‌ఎఫ్)గా 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. జేఆర్‌ఎఫ్ లేకుండా సెంట్రల్ వర్సిటీలో చేరితే నాన్‌నెట్ ఫెలోషిప్ కింద పీహెచ్‌డీకి నెలకు 8,000. ఒకే హాస్టల్‌లో, పక్కపక్క గదుల్లో ఈ రెండు రకాల స్కాలర్లూ ఉంటారు. సామాజిక శాస్త్రాల వాళ్లకు భారత సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి (ఐసీఎస్‌ఎస్‌ఆర్) డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అభ్యర్థులకు వేరే జాతీయ ఫెలోషిప్‌లు ఉన్నాయి. చాలా ఫెలోషిప్‌లు నెలల తరబడి ఆగి, ఒక్కసారిగా పడటం మామూలే. మొదటి ఆరు నెలల ఖర్చుకు వేరే ఏర్పాటు ఉందో లేదో చూసుకునే చేరండి.

ఫీల్డ్ ఖర్చు చాలామంది లెక్కలో వేసుకోరు. బస్సు చార్జీలు, సర్వేకు తోడొచ్చే కుర్రాళ్లకు రోజుకూలి, రికార్డు చేసిన ఇంటర్వ్యూలు రాయించడం, ఇవన్నీ కలిస్తే చిన్న మొత్తం కాదు. పరిశోధన ఖర్చులకిచ్చే కంటింజెన్సీ గ్రాంటు ఎంత, బిల్లులు పెట్టిన ఎన్నాళ్లకు వస్తుంది అనేది పాత స్కాలర్లనే అడగాలి.

### కాలం

మొదట్లో చదవాల్సిన క్లాసులు, అంటే కోర్సు వర్కుతో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. రీరిజిస్ట్రేషన్ చేయించుకుంటే మొత్తం 8 దాకా. ఆడవాళ్లకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో రెండేళ్ల వెసులుబాటు. మహిళా స్కాలర్లకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఉంది. పెళ్లి మాటలు నడుస్తున్న ఇంట్లో ఈ నిబంధన కాగితం మీద చూపిస్తే వాదన కొంత తగ్గుతుంది.

## ఒక్క చూపులో

| దారి | ఎలాంటి పనికి | డబ్బు పరిస్థితి | ఫలితం అందుకునేది | ముఖ్యమైన లోటు |
|---|---|---|---|---|
| సెంట్రల్ వర్సిటీ | సమాజం, ఆర్థికం, విధానాలు | జేఆర్‌ఎఫ్ ఉంటే బాగు, లేకపోతే 8,000 | ప్రభుత్వం, పత్రికలు, తోటి పరిశోధకులు | ఫలితం నెమ్మదిగా చేరుతుంది |
| ఐఐటీ, ట్రిపుల్ ఐటీ | టెక్నాలజీ, డేటా, భాషా సాంకేతికత | మెరుగు | కంపెనీలు, ప్రభుత్వ మిషన్లు | నమూనా దగ్గరే ఆగిపోయే ప్రమాదం |
| సీఎస్‌ఐఆర్ (కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) ల్యాబ్ | నీరు, వ్యర్థాలు, మందులు, భూగర్భం | సొంత ఫెలోషిప్ ఉండటం మేలు | టెక్నాలజీ కొనే సంస్థలు | అంశం ల్యాబ్ అవసరాలను బట్టే |
| వ్యవసాయ వర్సిటీ | విత్తనం, తెగుళ్లు, సాగు పద్ధతులు | మధ్యస్థం | రైతు | పంట కాలానికి కట్టుబడాలి |
| స్టేట్ వర్సిటీ | స్థానిక సమస్యలు | తక్కువ | జిల్లా యంత్రాంగం, కాలేజీలు | ఖాళీ పోస్టులు, పాత పరికరాలు |
| పార్ట్‌టైమ్ | మీ ఉద్యోగానికి దగ్గరి అంశం | జీతమే | మీ సంస్థ | టైమ్ |

## సెంట్రల్ యూనివర్సిటీ: వాదన గట్టిపడే చోటు

హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో వచ్చింది. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత కుదిరిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా, రాజ్యాంగంలో 371-ఇ అధికరణం చేర్చి మరీ పెట్టిన వర్సిటీ అది. ప్రాంతీయ అసమానతలు అనే సామాజిక సమస్యకు జవాబుగా పుట్టిన వర్సిటీలో అదే సమస్య మీద థీసిస్ రాయడం నాకు బాగా నచ్చే విషయం.

ఇక్కడి బలం పక్క డిపార్ట్‌మెంట్లు. అర్థశాస్త్రం చదివేవాడు సోషియాలజీ సెమినార్‌లో కూర్చుంటాడు, కులం గురించి ఒక్క వరుస కూడా లేని తన గణాంకాల పట్టిక (రిగ్రెషన్ టేబుల్) మీద అక్కడ నాలుగు ప్రశ్నలు పడతాయి. ఆ దెబ్బలు తిన్న థీసిస్ వేరే స్థాయిలో ఉంటుంది.

డేటా విషయంలో ఇక్కడివాళ్లకు, బేగంపేటలోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్) లాంటి సంస్థల్లో చేసేవాళ్లకు ఒక దొడ్డ అవకాశం పక్కనే ఉంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో పల్లెల అధ్యయనం మొదలుపెట్టింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె, డోకూర్‌తో పాటు మహారాష్ట్రలో నాలుగు ఊళ్లు. ఊరికి 40 ఇళ్లు: భూమి లేనివాళ్లు 10, చిన్న రైతులు 10, మధ్యతరగతి రైతులు 10, పెద్ద రైతులు 10. ఏం పండించారు, ఎంతకు అమ్మారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, ఇంట్లో ఏం తిన్నారు అన్నది ఆ ఇళ్లకే మళ్లీ మళ్లీ వెళ్లి రాసుకున్నారు. అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఈ లెక్కలే వాడారు. పంట పోయిన ఏడాది ఒక కుటుంబం తిండి ఎంత తగ్గుతుంది, ఊళ్లో వాళ్లు ఒకరికొకరు ఎంతవరకు ఆసరా అవుతారు అన్నది పరీక్షించారు. పల్లె బతుకు మీద, రిస్క్ మీద పాఠం చెప్పే ప్రొఫెసర్లకు ప్రపంచంలో ఎక్కడున్నా ఔరేపల్లె పేరు తెలుసు. హైదరాబాద్‌లో ఎకనామిక్స్ చదివే మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో చెప్పలేను.

ఎంపిక దగ్గర ఇది పనికొచ్చే ఉదాహరణ. సొంతంగా మూడు నెలలు తిరిగి 200 ఇళ్ల సర్వే చేయడమా, దశాబ్దాల పాటు పోగైన డేటా మీద పనిచేయడమా? సొంత సర్వేలో మీ ప్రశ్న మీరే అడగొచ్చు. కాకపోతే అది ఒక్క ఏడాది ఫొటో. ఆ ఏడాది వాన బాగా పడితే ఒక నిర్ణయానికి వస్తారు, కరువైతే ఇంకో నిర్ణయానికి. గణితం, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక గణాంక పద్ధతులు) భయం లేనివాళ్లు పాత డేటా తీసుకుని, ఒక్క ప్రశ్న కోసం మాత్రమే ఊరికి వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. మనుషులతో కూర్చుని మాట్లాడటంలోనే మీ బలం ఉంటే మాత్రం సర్వే ఫారాలు మానేసి ఒకే ఊళ్లో ఏడాది ఉండండి. రెండూ కాని మధ్యస్థపు సర్వేలే శోధ్‌గంగ నిండా ఉన్నాయి.

లోటు కూడా తెలిసిందే. ఇక్కడి ఫలితం ఒక వాదన. అది ఇంగ్లిష్‌లో, డబ్బు కడితే తప్ప తెరుచుకోని జర్నల్లో అచ్చవుతుంది. అది జీవోగా మారడానికి పదేళ్లు పట్టొచ్చు, అసలు మారకపోవచ్చు. ఆ నిదానం భరించగలిగే స్వభావం మీకుందా?

## ఐఐటీ, ట్రిపుల్ ఐటీ: నమూనా త్వరగా వస్తుంది

ఐఐటీ హైదరాబాద్ 2008లో మొదలైంది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా కందిలో ఉంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ 1998లో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో వచ్చింది. అక్కడి భాషా సాంకేతిక పరిశోధన కేంద్రం తెలుగుతో సహా భారతీయ భాషల మీద ఏళ్లుగా పనిచేస్తోంది. కేంద్ర ప్రభుత్వం 2022లో తెచ్చిన భారతీయ భాషల అనువాద వేదిక భాషిణి వల్ల ఇలాంటి పరిశోధనకు ప్రభుత్వమే పెద్ద వాడకందారు అయింది. తెలుగు మాటను రాతగా మార్చడం, యాసలను గుర్తించడం, తెలుగులో అడిగితే జవాబు చెప్పడం లాంటి అంశాలు తీసుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి కాలం రాలేదు.

ట్రిపుల్ ఐటీ నుంచి వచ్చిన పాత ప్రయోగం ఒకటి ఇలాంటి చోట చేరేవాళ్లందరూ తెలుసుకోవాలి. 2004లో ఈ-సాగు పేరుతో వరంగల్ జిల్లా పత్తి రైతులతో మొదలుపెట్టారు. ఊళ్లో కాస్త చదువుకున్న కుర్రాళ్లకు కెమెరా ఇచ్చి, ఒక్కో రైతు చేను ఫొటోలు తీయించారు. ఇంటర్నెట్ నత్తనడక కాబట్టి ఆ ఫొటోలను సీడీల్లో ఎక్కించి కొరియర్‌లో హైదరాబాద్ పంపేవారు. వ్యవసాయ నిపుణులు చేను చూసి, ఆ రైతుకే ప్రత్యేకంగా సలహా రాసేవారు. అక్షరాల సలహాకు డయలప్ చాలు కాబట్టి అది మాత్రం నెట్‌లో ఊరికి చేరేది. ఊళ్లో కుర్రాడు దాన్ని రైతుకు చదివి వినిపించేవాడు. బరువైన ఫొటో బస్సులో వెళ్తుంది, తేలికైన అక్షరం తీగ మీద తిరిగొస్తుంది. ఇప్పటి యాప్‌లు రాకముందు మనవాళ్లు కుదుర్చుకున్న ఈ ఏర్పాటు నాకు చాలా తెలివైందిగా అనిపిస్తుంది.

అలాంటి పని నిలబడాలంటే ప్రాజెక్టు డబ్బు అయిపోయాక కుర్రాడి జీతం, నిపుణుడి జీతం ఎవరో ఒకరు ఇవ్వాలి. టెక్నాలజీ సంస్థల్లో పీహెచ్‌డీలకు ఉన్న అసలు ఇబ్బంది అక్కడే. పేపరు అచ్చు కావడానికి కొత్త ఆలోచన కావాలి, పదేళ్లు నడపడానికి పాత ఆలోచనే ఓపిగ్గా మరమ్మతు చేసుకుంటూ పోవాలి. రెండోదానికి డిగ్రీ ఇవ్వరు. కాబట్టి ఇక్కడ చేరేవాళ్లు నడిపే సంస్థను మొదటి ఏడాదిలోనే వెతుక్కోవాలి. ప్రభుత్వ శాఖ కావచ్చు, స్వచ్ఛంద సంస్థ కావచ్చు, స్టార్టప్ కావచ్చు.

డబ్బు పరంగా ఐఐటీల్లో ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ స్థాయిలోనే ఉంటుంది, పెద్దగా ఆలస్యం కాదు. సామాజిక శాస్త్రాల వాళ్లు కూడా ఐఐటీ హైదరాబాద్ లిబరల్ ఆర్ట్స్ విభాగం వైపు చూడొచ్చు. సంఖ్య తక్కువ, శ్రద్ధ ఎక్కువ. కాకపోతే సోషియాలజీ వాదన వినడానికి హాలు నిండా మనుషులు కావాలంటే సెంట్రల్ వర్సిటీకే వెళ్లాలి.

## సీఎస్‌ఐఆర్ ల్యాబులు: వస్తువు బయటికి వచ్చే చోటు

తార్నాక, హబ్సిగూడ వైపు వెళ్తే ఐఐసీటీ (రసాయన సాంకేతికత), ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక శాస్త్రం), సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్రం) ఒకదాని దగ్గర ఒకటి ఉంటాయి. ఇక్కడ చేరేవాళ్లు ఎక్కువగా ఏసీఎస్‌ఐఆర్ అనే అకాడమీ ద్వారా డిగ్రీ తీసుకుంటారు.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ మీకు తెలిసే ఉంటుంది. సాయంత్రానికి మిగిలే కుళ్లిన టమాటా, క్యాబేజీ ఆకులు ఒకప్పుడు డంపింగ్ యార్డుకు పోయేవి. ఐఐసీటీ టెక్నాలజీతో అక్కడ బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల కరెంటు, మార్కెట్ క్యాంటీన్‌లో వంటకు గ్యాస్. 2021 జనవరి మన్ కీ బాత్‌లో ప్రధాని దీని గురించి మాట్లాడాక చాలామందికి తెలిసింది. ఇందులో సూక్ష్మజీవుల పని, రియాక్టర్ డిజైన్ ల్యాబ్ చూసుకుంది, డబ్బు కేంద్ర, రాష్ట్ర శాఖలు పెట్టాయి, కట్టింది ఒక కంపెనీ. ఈ మూడు చేతులూ ముందే కలిసి ఉండటమే ల్యాబులకున్న బలం. వర్సిటీలో అదే రియాక్టర్ మీద పనిచేసే స్కాలర్ ఇన్ని గుమ్మాలూ ఒక్కడే ఎక్కాలి.

ఇంకో మంచి సంగతి ఏసీఎస్‌ఐఆర్ నిబంధనల్లోనే ఉంది. సీఎస్‌ఐఆర్-800 పేరుతో ప్రతి పీహెచ్‌డీ విద్యార్థీ ఆరు నుంచి ఎనిమిది వారాలు సామాజిక అంశం మీద, ఎక్కువగా గ్రామీణ ప్రాంతంలో ప్రాజెక్టు చేయాలి. కొందరు మొక్కుబడిగా ముగించేస్తారు. సీరియస్‌గా తీసుకున్నవాళ్లకు మాత్రం ల్యాబ్ బయట తమ పని ఎలా ఉంటుందో కళ్లారా చూసే అవకాశం.

అంశం మీ ఇష్టం మీద అంతగా ఉండదు. ల్యాబ్‌కి వచ్చిన ప్రాజెక్టులో ఒక ముక్క మీకు వస్తుంది. "నా ప్రశ్న నేనే ఎంచుకుంటాను" అనే పట్టుదల ఉన్నవాళ్లు ఇక్కడ ఇబ్బంది పడతారు.

## వ్యవసాయ వర్సిటీలు: పేరు రాదు, పని కనిపిస్తుంది

ఈ దారిని మనవాళ్లు అన్యాయంగా తక్కువ చేసి చూస్తారు. బీపీటీ అంటే బాపట్ల, ఎంటీయూ అంటే మార్టేరు, ఆర్‌ఎన్‌ఆర్ అంటే రాజేంద్రనగర్. మనం తినే బియ్యం సంచుల మీద పరిశోధన కేంద్రాల పేర్లే ఉన్నాయి. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, 1986లో బాపట్ల నుంచి వచ్చింది. సన్నబియ్యం అంటే దక్షిణాదిలో చాలా ఇళ్లలో ఇదే. స్వర్ణ, కాటన్‌దొర సన్నాలు మార్టేరువి. తెలంగాణ సోనా రాజేంద్రనగర్‌ది, 2015లో విడుదలైంది. పంటకాలం తక్కువ, తిన్నాక రక్తంలో చక్కెర అంత వేగంగా పెంచదు.

సాంబ మసూరి కథలో రెండో భాగం కూడా ఈ పోలికకు పనికొస్తుంది. ఆ రకానికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు బెడద ఎక్కువ. సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి తెగులును తట్టుకునే మూడు జన్యువులను మార్కర్ల (జన్యువు వచ్చిందో లేదో చెప్పే డీఎన్‌ఏ గుర్తుల) సాయంతో అందులోకి తెచ్చాయి. అన్నం రుచి, గింజ తీరు మారకుండా చూసుకున్నాయి. ఆ మెరుగైన రకం 2008లో విడుదలైంది. బాపట్ల పొలంలో పుట్టిన రకం, హబ్సిగూడ ల్యాబ్‌ సాయంతో చేరిన జన్యువులు, రాజేంద్రనగర్ మడుల్లో పరీక్ష. మొక్కల జన్యువుల మీద ఆసక్తి ఉన్న విద్యార్థి ఈ గొలుసులో ఎక్కడ నిలబడాలో తేల్చుకుంటే ఎక్కడ చేరాలో దానంతటదే తేలిపోతుంది.

రైతు దగ్గరికి చేరడానికి ఈ వర్సిటీలకు కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ఉన్నాయి. ఇంకెవరికీ అలాంటి వల లేదు. ప్రవేశం భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) పరీక్ష ద్వారానో, వర్సిటీ సొంత నోటిఫికేషన్ ద్వారానో ఉంటుంది. సాధారణంగా వ్యవసాయ డిగ్రీ కావాలి, ఎంఎస్సీ బోటనీ వాళ్లు ముందే అర్హత చూసుకోవాలి. ఏడాదికి ఒకటో రెండో పంటలు, ఒక తుపాను వస్తే ఒక సీజన్ డేటా పోయినట్టే. నవంబరులో గాలివాన వస్తుందన్న వార్త వింటే ఈ స్కాలర్లకు నిద్ర పట్టదు.

## స్టేట్ వర్సిటీలు

ఉస్మానియా 1918లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో వచ్చాయి. చరిత్ర గొప్పది, ఇప్పటి పరిస్థితి మాత్రం డిపార్ట్‌మెంట్‌ని బట్టి ఉంటుంది. చాలా చోట్ల పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కాలేదు. మంచి గైడ్ ఒక్కరుంటే ఆయన చుట్టూ క్యూ. ఏపీలో ఏపీఆర్‌సెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష, తెలంగాణలో వర్సిటీల సొంత ప్రక్రియలు, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

అయినా ఒక సందర్భంలో నేను ఐఐటీ కన్నా వీటికే ఓటేస్తాను. సమస్య ఒక ప్రాంతానికి అంటుకుని ఉన్నప్పుడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు చూడండి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇన్నేళ్లుగా మనుషులు జబ్బు పడుతున్నారు. కచ్చితంగా ఇదే కారణమని ఇంతవరకు తేలలేదు. పెద్ద పెద్ద సంస్థల బృందాలు వచ్చాయి, రక్తం, నీళ్లు, మట్టి నమూనాలు పట్టుకెళ్లాయి. అలాంటి చోట కావాల్సింది వదలకుండా ఏళ్ల తరబడి వెళ్తూ, ఆ యాసలో మాట్లాడుతూ, ఫలితం ఏమైందో తిరిగొచ్చి చెప్పే మనిషి. విశాఖలోనో శ్రీకాకుళంలోనో ఉండి పనిచేసే స్కాలర్‌కి ఉన్న అనుకూలత ఢిల్లీవాళ్లకు రాదు. పరీక్షల కోసం పరికరాలు ఉన్న సంస్థ నుంచి కో-గైడ్‌ని పెట్టుకుంటే సగం లోటు తీరుతుంది.

## పార్ట్‌టైమ్, విదేశం

ఇంజినీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లలో సగం మంది బుర్రలో ఉండే ఆలోచన పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. యూజీసీ ఒప్పుకుంటుంది, మీ సంస్థ నుంచి అభ్యంతరం లేదన్న లేఖ (ఎన్‌ఓసీ) కావాలి. కోర్సు వర్కుకు నిజంగా సెలవిస్తారా అని మేనేజ్‌మెంట్‌ను ముందే రాతపూర్వకంగా అడగండి. మీ ఉద్యోగంలో రోజూ చేతికొచ్చే డేటాతోనే అంశం కట్టుకోండి, లేకపోతే ఆదివారాలు చాలవు. దూరవిద్యలో, పూర్తిగా ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ అని ఎవరు చెప్పినా నమ్మొద్దు, అవి చెల్లవు. 2025 జనవరిలో రాజస్థాన్‌కు చెందిన మూడు ప్రైవేటు వర్సిటీల్లో ఐదేళ్లపాటు పీహెచ్‌డీ అడ్మిషన్లు జరపకూడదని యూజీసీ ఆదేశించింది. "అన్నీ మేమే చూసుకుంటాం సార్" అనే ఏజెంటు ఫోన్ వస్తే కట్ చేసేయండి.

విదేశాల్లో అమెరికా పీహెచ్‌డీకి సాధారణంగా ఐదారేళ్లు, బోధనలో సాయం (టీఏ) లేదా పరిశోధనలో సాయం (ఆర్‌ఏ) పనితో ఫీజు మాఫీ, స్టైపెండ్. జర్మనీ, నెదర్లాండ్స్‌లో చాలాచోట్ల పీహెచ్‌డీ అంటే ఉద్యోగమే, కాంట్రాక్టు, జీతం. పద్ధతులు నేర్చుకోవడానికి ఇవి గొప్ప చోట్లు. మీ సమస్య మహబూబ్‌నగర్‌లో ఉంటే ఏడాదికి ఒకసారి టికెట్టు డబ్బు, వీసా చూసుకుని రావాలి. మధ్యే మార్గం ఒకటుంది. ఇక్కడే రిజిస్టర్ అయి, ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్‌పై ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికా వర్సిటీలో పనిచేసి రావచ్చు. ఫీల్డ్ ఇక్కడే ఉన్నవాళ్లకు పూర్తి విదేశీ డిగ్రీ కన్నా ఇదే మేలని నేను అనుకుంటాను.

## మీ పరిస్థితిని బట్టి

ఇంటికి డబ్బు పంపాల్సిన పరిస్థితి ఉండి జేఆర్‌ఎఫ్ రాకపోతే, 8,000 మీద సెంట్రల్ వర్సిటీలో దిగడం కన్నా ప్రాజెక్టు ఫెలోగా ఏడాది పనిచేస్తూ మళ్లీ నెట్ రాయడం నయం. జేఆర్‌ఎఫ్ చేతిలో ఉంటే మీరే బేరం చేసే స్థితిలో ఉన్నారు. డబ్బు మీతోపాటు వస్తుంది, గైడ్‌ను చూసి ఎక్కడైనా చేరొచ్చు.

బీటెక్ చదివి సామాజిక సమస్యల వైపు మనసు పోయినవాళ్లు ఐఐటీ లేదా ట్రిపుల్ ఐటీలో చేరి, సామాజిక శాస్త్రాల నుంచి కో-గైడ్‌ను అడగండి. ఎంఏ చదివి డేటా నేర్చుకోవాలనుకునేవాళ్లు దీన్నే తిరగేయాలి. ఊరు వదలలేనివాళ్లు, పిల్లలు చిన్నవాళ్లయిన తల్లులు స్టేట్ వర్సిటీని చిన్నచూపు చూడొద్దు. లెక్చరర్ ఉద్యోగమే గురి అయితే పీహెచ్‌డీ త్వరగా ముగిసే గైడ్ ముఖ్యం, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

తేదీల సంగతి: 2024 జూన్ నుంచి నెట్ స్కోరుతోనే చాలా వర్సిటీల్లో పీహెచ్‌డీ ప్రవేశాలు. జేఆర్‌ఎఫ్ కాని కేటగిరీల్లో స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశానికి ఏడాదే చెల్లుతుంది. అంటే ఫలితాలు వచ్చిన రోజు నుంచే గైడ్లకు మెయిల్స్ మొదలుపెట్టాలి.

మెయిల్‌లో "రెస్పెక్టెడ్ సర్, మీ మార్గదర్శకత్వంలో" అంటూ ఒక పేజీ రాయకండి. వాళ్ల పేపర్లలో ఒకటి చదివి, అందులో మీకు తట్టిన ప్రశ్న రెండు వాక్యాల్లో రాయండి. మీరు చేయాలనుకున్న ముక్క, అది తేలితే ఎవరు వాడుకుంటారో మూడో వాక్యంలో రాయండి. స్కోరు, ఫెలోషిప్ వివరాలు నాలుగో వాక్యంలో. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే వాళ్ల దగ్గర మూడో ఏడాదిలో ఉన్న స్కాలర్‌ని క్యాంటీన్‌లో పట్టుకుని, సార్ మీ చాప్టర్ ఇచ్చిన ఎన్నాళ్లకు చదివి తిరిగిస్తారని అడగండి.